సాక్య పండితుడు

భోటదేశమున, అనగా టిబెట్టున, త్సాంగ్ మండలములో సముద్రమట్టమునకు సుమారు 4,300 మీటర్ల యెత్తున సాక్య యను ప్రాచీననగరము కలదు. ఈ పేరు శాక్యవంశనామము కాదు. భోటభాషలో స యనగా భూమి, క్య యనగా పాండురవర్ణము. కొండచరియపై తెల్లనిమట్టి కనబడిన చోట 1073లో ఖోన్ వంశీయుడగు కొన్‌చోగ్ గ్యల్పో విహారమును నిర్మింపగా ఆ మట్టియే నగరమునకు పేరయ్యెను. ఆ వంశమున 1182లో జన్మించి, పండితశబ్దమునే బిరుదుగా పొందిన మహనీయుని చరిత్ర సంస్కృతాధ్యాపకులు ఎరుగదగినది.

ఈయన నామము కున్‌గా గ్యల్‌త్సెన్, సంస్కృతమున ఆనందధ్వజుడు. పెదతండ్రియగు ద్రక్‌పా గ్యల్‌త్సెన్ వద్ద కులవిద్య నభ్యసించెను. అప్పటికి మగధదేశపు మహావిహారములు విధ్వస్తములై, అచటి పండితులు తాళపత్రములతో హిమాలయమును దాటుచుండిరి. విక్రమశిలాచార్యుడై యుండిన కాశ్మీరపండితుడు శాక్యశ్రీభద్రుడు 1204లో భోటదేశము చేరెను. ఆనందధ్వజుడు ఆయనను, ఆయన పరివారములోని సుగతశ్రీ, సంఘశ్రీ, దానశీలులను ఆశ్రయించి వ్యాకరణము, ఛందస్సు, అలంకారము, ప్రమాణశాస్త్రము చదివెను. 1208లో శాక్యశ్రీభద్రుని వద్దనే భిక్షుదీక్ష గైకొనెను. గురుశిష్యులు కలిసి ధర్మకీర్తి ప్రమాణవార్తికమునకు గల భోటానువాదమును మూలముతో సరిచూచి సంస్కరించిరి.

ఆయన రచనలలో మూడు మనకు ముఖ్యములు. ప్రమాణయుక్తినిధి ధర్మకీర్తి మతమును స్థాపించు తర్కగ్రంథము. సుభాషితరత్ననిధి 457 పద్యముల నీతికావ్యము. తరువాత మంగోలుభాషలోనికిని అనూదితమయ్యెను. పండితప్రవేశద్వారమని చెప్పదగిన మూడవ గ్రంథము రచన, వ్యాఖ్యానము, వాదము అను మూడు ప్రకరణములు గలది. దండి కావ్యాదర్శమునందలి అలంకారవిషయము చాలవరకు ఇందు భోటభాషకు వచ్చెను. దండి గ్రంథమునకు సమగ్రానువాదము ఆయన నిర్యాణానంతరము ఆ శతాబ్ది ఉత్తరార్ధముననే వెలసెను. మూలభాష నెరుగక, అనువాదపదముల విరుపులనుండియే అర్థముల నూహించు వ్యాఖ్యాతలను ఆయన ఖండించెను. శబ్దజ్ఞానము లేనివాడు శాస్త్రార్థమును చెరచునని ఆయన నిశ్చయము. అమరముతో, శబ్దమంజరితో విద్యారంభము చేయించిన మన గురువుల నిశ్చయమును ఇదియే.

1240లో మంగోలుసేనలు భోటదేశముపై దండెత్తి రాడింగ్ విహారమున భిక్షువులను వధించెను. 1244లో చెంగీజ్‌ఖాను వంశీయుడగు గోదాను పిలుపు వచ్చెను. అది ఆహ్వానరూపమున నున్న ఆజ్ఞ. అరువదియేండ్లు దాటిన పండితుడు, ఫగ్‌పా, ఛగ్‌నా యను బాలురగు సోదరపుత్రులను వెంటగొని బయలుదేరి, 1246లో చీనాదేశపు వాయవ్యభాగమందలి లియాంగ్‌జౌ చేరి, 1247లో గోదానును కలిసికొనెను. అతని వ్యాధి నుపశమింపజేసెనని సంప్రదాయము. ఆయన పేర స్వదేశీయులకు వెలువడిన లేఖ మంగోలుల ఆధిపత్యము నంగీకరింపవలెనని బోధించును. ఇది దేశస్వాతంత్ర్యము నర్పించుటయని నిందించువారు కలరు. అయితే విక్రమశిల నాశమును చూచిన తరమువారివద్ద చదివినవాడు, గ్రంథములును గురువులును నశించిన పిమ్మట శాస్త్రము నిలువదని ఎరుగకుండునా? తన విహారములను కాచుకొనుటకై తన్ను తానే పణముగా నొడ్డెనని భావించుట న్యాయము. ఆయన మరల సాక్యను చూడలేదు. 1251లో లియాంగ్‌జౌననే నిర్యాణము చెందెను.

ఫగ్‌పా 1260లో కుబ్లాయ్‌ఖానుచే రాజ్యగురువుగా నియుక్తుడయ్యెను. ఆయన ఆదేశమున 1268లో సాక్యనగరమందు నదికి దక్షిణమున, కోటవలె చతురస్రప్రాకారముతో మహాలయనిర్మాణ మారంభమయ్యెను. ఉత్తరపు కొండచరియపైని ప్రాచీనాలయములు 1960ల విధ్వంసకాండలో చాలవరకు నేలమట్టమయ్యెను, దక్షిణాలయము నిలిచెను. 1930లలో రాహుల సాంకృత్యాయనుడు ఈ నగరమున ప్రమాణవార్తికమునకు ప్రజ్ఞాకరగుప్తుడు రచించిన అలంకారవ్యాఖ్య సంస్కృత తాళపత్రప్రతిని కనుగొనెను. అది 1953లో పాట్నాలో ప్రకటితమయ్యెను.

మనదేశమున పఠనపాఠనములు తొలగిన గ్రంథము, పరభాషీయులు మన వ్యాకరణమును శ్రద్ధతో చదివిన నగరమున మనకై నిలిచియుండెను. పాఠశాలలలో విద్యార్థులు తగ్గుచున్న ఈ కాలమున సాక్య పండితుని చరిత్రనుండి గ్రహింపవలసిన విషయ మిదియే.