ఇసుక రేణువులు లెక్కపెట్టిన ఆర్కిమెడిస్

మన పిల్లలు ఇంట్లో పది లక్షలు అంటారు. బడి పుస్తకంలో మిలియన్ అని చదువుతారు. రెండూ ఒకటేనా అని అడిగితే తడబడతారు. 10⁶ అని రాసి చూపిస్తే తడబాటు పోతుంది. ఈ రాత తర్వాతి కాలానిదే. కానీ దాని వెనుక ఉన్న ఆలోచనను రెండు వేల ఏళ్లకు ముందే పట్టుకున్నది ఆర్కిమెడిస్. ఆయన గురించి ఈసారి చెప్పుకుందాం.

ఆయన క్రీ.పూ. 287 ప్రాంతంలో సిసిలీ దీవిలోని సిరక్యూజ్ పట్టణంలో పుట్టారు. తండ్రి ఫిడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. గ్రీసులోని కోరింత్ నుంచి వలస వచ్చినవాళ్లు కొన్ని శతాబ్దాల ముందు కట్టుకున్న ఊరది. మన పెద్దల్లాగే, ఊరు మారినా వాళ్లు ఇంటి భాషను వదల్లేదు. ఆర్కిమెడిస్ కూడా అలెగ్జాండ్రియా పండితులకు లేఖలు రాస్తూనే, గ్రంథాలను తన ఊరి డోరిక్ మాండలికంలో రాశారు.

అప్పటి గ్రీకుల దగ్గర సున్నా లేదు. సంఖ్యలను అక్షరాలతో రాసేవారు. సొంత పేరున్న అతి పెద్ద సంఖ్య పదివేలు. అందుకే ఇసుక రేణువులు లెక్కకు అందవని చాలామంది అనుకునేవారు. అది నిజం కాదని చూపుతూ ఆర్కిమెడిస్ గెలోన్ రాజుకు ఒక చిన్న గ్రంథం రాశారు. పదివేలను పదివేలతో గుణిస్తే పది కోట్లు, అంటే 10⁸. దాన్నే కొత్త ఒకటిగా తీసుకుని మళ్లీ లెక్క మొదలుపెట్టారు. అలా మెట్టు మీద మెట్టు ఎక్కారు. ఒక గసగసాల గింజలో పదివేల రేణువులకు మించి పట్టవని అనుకుని, అరిస్టార్కస్ ఊహించిన విశ్వమంతా ఇసుక నింపినా రేణువులు 10⁶³ దాటవని తేల్చారు. ఇలాంటి సంఖ్యలను గుణించేటప్పుడు మెట్లను కూడితే చాలని అందులోనే నిరూపించారు. నేటి ఘాతాంక న్యాయం అదే.

ఆ న్యాయం సమీకరణంలో ఎలా పనికొస్తుందో చూద్దాం. సూర్యుడు మనకు సుమారు 1.5 × 10⁸ కి.మీ. దూరంలో ఉన్నాడు. వెలుగు సెకనుకు సుమారు 3 × 10⁵ కి.మీ. పోతుంది. ఇక్కడికి రావడానికి పట్టే సెకన్లు 'క' అనుకుంటే:

3 × 10⁵ × క = 1.5 × 10⁸

1.5ను 3తో భాగిస్తే 0.5. ఎనిమిదిలోంచి ఐదు తీసేస్తే మూడు. కాబట్టి క = 0.5 × 10³. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. ప్రామాణిక రూపంలో ముందుండే సంఖ్య 1కి తగ్గకూడదు. కనుక 5 × 10² అని రాయాలి. అంటే 500 సెకన్లు, 8 నిమిషాల 20 సెకన్లు.

క్రీ.పూ. 212లో రోమన్ సైన్యం సిరక్యూజ్‌ను పట్టుకున్నప్పుడు ఒక సైనికుడి చేతిలో ఆర్కిమెడిస్ మరణించారు. దాదాపు 140 ఏళ్ల తర్వాత రోమన్ అధికారి సిసిరో ఆయన సమాధి కోసం వెతికితే, అదెక్కడుందో ఊరివాళ్లకే తెలియదు. ముళ్లపొదల మధ్య గోళం, స్తూపం చెక్కిన రాయిని చూసి సిసిరోయే గుర్తుపట్టాడు.

ఈ పూట మన పిల్లలను ఒక ప్రశ్న అడుగుదాం: 10⁷ను మనింట్లో ఏమంటాం?