డోర్నకల్ అజరయ్య: వాడ చేతికి చర్చినిచ్చిన బిషప్

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు దళితవాడల్లో తిరిగినవాళ్లకు అక్కడి చిన్న చిన్న చర్చిలు కొత్త కాదు. రేకుల కప్పు, ముందు ఒక సిలువ, లోపల పరిచిన చాపలు. ఇది ఏ చర్చి అని అడిగితే ఒక ఊళ్లో ఎంబీ అంటారు, ఇంకో ఊళ్లో బాప్టిస్టు అంటారు, మరో చోట సీఎస్ఐ అంటారు. వాడ ఒకటే, బాధ ఒకటే, చర్చి మాత్రం వేరు. ఆ తేడా వాడ జనం ఎంచుకున్నది కాదు. వందేళ్ల కింద మిషన్లు జిల్లాలను పంచుకున్న తీరు అది. నాగర్‌కర్నూల్, వనపర్తి మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ల వంతుకు వచ్చాయి. మహబూబ్‌నగర్, గద్వాల మొదట అమెరికన్ బాప్టిస్టుల దగ్గర ఉండి, 1930లలో మెన్నొనైట్ల చేతికి వెళ్లాయి. ఆంగ్లికన్ చర్చి ఈ నేలకు అటూ ఇటూ పెరిగింది. దక్షిణాన తుంగభద్ర దాటితే కర్నూలు, నంద్యాల వైపు. ఈశాన్యాన మానుకోట దగ్గరి డోర్నకల్‌లో.

ఒక కాలంలో ఆ రెండు వైపులకూ బిషప్ ఒక్కరే. ఆయన తెల్లవాడు కాదు. తెలుగువాడు కూడా కాదు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. కొత్తగా ఒక చిన్న చర్చిని నాటి, అది తన కాళ్ల మీద నిలబడేదాకా పెంచడం ఎలాగో తెలుగు నేల మీద చేసి చూపిన మనిషి. ఆయన ఏం సాధించారో, ఎక్కడ ఆగిపోయారో దళిత విద్యార్థులు, కార్యకర్తలు తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ కథలో ఉన్న జనం మనవాళ్లే.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళనాట తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గురువు. తల్లి ఎలెన్. వాళ్లది నాడార్ కులం. ఆ కులం వాళ్లను అప్పట్లో షాణార్లు అనేవాళ్లు. తాటిచెట్లెక్కి కల్లు గీసే బతుకు. గుడి మెట్లెక్కనిచ్చేవాళ్లు కాదు. పక్కనే తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు ఒంటి మీద పైబట్ట వేసుకునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడాల్సి వచ్చింది. అజరయ్య దళితుడు కాదు, ఆ మాట సూటిగా చెప్పుకోవాలి. కానీ కులం చేసే అవమానం పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కూడా కాదు.

1889లో తండ్రి పోయారు. తల్లి పెంపకంలో చదువు సాగింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వైఎంసీఏలో కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌తో పెళ్లయింది. తర్వాత డోర్నకల్ పల్లెల్లో ఆడవాళ్ల మధ్య పని ఆమె భుజాల మీద నడిచింది.

1902లో ఆయన యాళ్పాణం, అంటే జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ మనుషులనే సువార్త పనికి పంపుతున్నారు. అది చూసి ఆయనకు సిగ్గు వేసింది. తిరునల్వేలిలో అన్ని వేల మంది విశ్వాసులు ఉన్నారు, అన్నిటికీ లండన్ వైపే చూస్తున్నారు. తిరిగొచ్చాక 1903 ఫిబ్రవరిలో తోటివాళ్లతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులు ఇక్కడివాళ్లు, డబ్బు ఇక్కడిది, పెత్తనం ఇక్కడిది. అదే నియమం. 1905 డిసెంబర్ 25న శ్రీరాంపూర్‌లో పుట్టిన నేషనల్ మిషనరీ సొసైటీకి కూడా ఆయన ముఖ్యుల్లో ఒకరు.

తిరునల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. రైల్వే జంక్షన్, దాని చుట్టూ అడవి, చెలక, దొరల గడీల కింద నలిగే పల్లెలు. మాల, మాదిగలకు వెట్టి తప్పదు. పటేల్ పిలిస్తే పోవాలి, పట్వారీ రాసిందే లెక్క. అప్పు తండ్రి నుంచి కొడుక్కి దిగేది. ఊరి బావి, ఊరి బడి రెండూ దూరమే. 1909లో అజరయ్య వైఎంసీఏ ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది అక్కడికి వచ్చేశారు. వయసు 35. భాష రాదు. తమిళుడు కూర్చుని తెలుగు నేర్చుకున్నారు, ఎద్దుల బండి మీద ఊరూరా తిరిగారు.

మరుసటి ఏడాది, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడే అవకాశం వచ్చింది. హాలు నిండా తెల్లవాళ్లు. మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, వాళ్లు భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడడం లేదని ఆయన మొహం మీదే చెప్పారు. చాలామందికి కోపం వచ్చింది. కానీ ఆ సభను తలచుకునేటప్పుడు ఆ ప్రసంగాన్ని నేటికీ గుర్తుచేసుకుంటారు.

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. ఒక నల్లవాడి కింద తెల్ల మిషనరీలు పనిచేయడమా అన్న గొణుగుడు చాలాకాలం నడిచింది. మొదట ఆయనకిచ్చింది చిన్న ప్రాంతమే. 1920ల మొదట్లో కృష్ణా, గోదావరి, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషన్లు కూడా డోర్నకల్ కిందికి వచ్చాక ఇంగ్లిష్ మిషనరీలకు ఆయన పైవాడు అయ్యారు. అయినా చనిపోయేదాకా, 32 ఏళ్ల పాటు, సొంత డయాసిస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయన ఒక్కరే. రెండో మనిషికి ఆ కుర్చీ ఇవ్వలేదు. మొదటి మనిషిని చూపించి ద్వారం తెరిచామనడం, వెనక తలుపు మూసేయడం మనకు తెలిసిన కథే.

ఇక చర్చి ఎలా పెరిగింది? డబ్బు పోసి కాదు. ముందు ఒక వాడలో కొన్ని కుటుంబాలు కలిసి అడుగుతాయి, మాకొక పంతులును పంపమని. పంతులు వస్తాడు. పగలు పిల్లలకు, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు చదువు. ఆదివారం ఆరాధన ఆయనదే. ఆ పంతులు సాధారణంగా మరో వాడలోంచి చదువుకుని పైకొచ్చిన మాల, మాదిగ యువకుడే. వాళ్లలో నిలబడినవాళ్లను డోర్నకల్ వేదాంత పాఠశాలకు పంపి గురువులను చేశారు. భర్తతో పాటు భార్యకు కూడా అక్కడ శిక్షణ ఇచ్చేవాళ్లు, ఎందుకంటే వాడలో సగం పని ఆమెదే. ఊరు తలెత్తి చూడనివ్వని మనిషి, పుస్తకం పట్టుకుని పదిమంది ముందు నిలబడి మాట్లాడడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

ఖర్చు సంగతి కూడా అంతే. అజరయ్య పేదల దగ్గర కానుక అడగడానికి వెనకాడలేదు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టడం, కోతల పండుగకు ధాన్యం, కోడి, గుమ్మడికాయ తెచ్చివ్వడం అలవాటు చేశారు. ఇచ్చేవాడికే అడిగే హక్కు ఉంటుందని, దానం తినే సంఘం ఎప్పటికీ పిల్ల సంఘంగానే మిగులుతుందని ఆయన నమ్మకం. దాని మీద ఒక పుస్తకమే రాశారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించి, ఈ మాట ఇంకొకరికి చెప్పకపోతే నాకు శ్రమ అని ఒట్టు పెట్టించేవారు. అలా ప్రతి కూలి మనిషీ ప్రచారకుడయ్యాడు. 1930ల మధ్యకు డోర్నకల్ డయాసిస్‌లో క్రైస్తవులు 2 లక్షలు దాటారు. వాళ్లలో అత్యధికులు మాలలు, మాదిగలు.

మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ డోర్నకల్‌ను పట్టిన దయ్యాలని ఆయన అనేవారు. వాటి మీద నిజంగానే పని జరిగింది. పరపతి సంఘాలు, వైద్యశాలలు, చేతిపనుల బడులు వచ్చాయి. చదువొచ్చినవాడు వేలిముద్ర వేసే ముందు కాగితం చదివి చూస్తాడు. దొరకు అసలు కోపం అక్కడే.

ఇప్పుడు ఇంకో వైపు కూడా చూద్దాం. ఆనాటి చర్చిలు చచ్చిన పశువు మాంసాన్ని మాన్పించాయి, జాతరల్లో డప్పు కొట్టడాన్నీ మాన్పించాయి. మొదటిది వెట్టి నుంచి బయటపడడానికి దారి అయింది. రెండోదానితో మాదిగల కళ కూడా పాపంగా మారింది. అదే డప్పును తర్వాతి తరాలు ఉద్యమాల్లో మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చింది. మాలవాడ చర్చిలోకి మాదిగలు, మాదిగవాడ చర్చిలోకి మాలలు రావడం మీద గొడవలు ఆగలేదు. ఒకే పాత్రలోంచి సంస్కారం తీసుకోవాలని అజరయ్య పట్టుబట్టారు. బిషప్ ఉన్నంతసేపు తీసుకున్నవాళ్లు ఆయన బండి కదలగానే విడిపోయిన సందర్భాలు లేవని ఎవరూ అనలేరు. ఒక గిన్నె కులాన్ని కరిగించలేదు.

రాజకీయాల్లో కూడా అంతే. 1935 అక్టోబర్ 13న యేవలాలో అంబేద్కర్ తాను హిందువుగా చావనని ప్రకటించాక, అణగారినవాళ్లు ఏ మతంలోకి వెళ్తారన్నది దేశమంతా చర్చ అయింది. గాంధీ సామూహిక మతమార్పిడిని గట్టిగా వ్యతిరేకించారు. వీళ్లకు ఆలోచించే శక్తి లేదు, ఎవరో మభ్యపెడుతున్నారు అన్న ధోరణి అందులో ఉంది. తన బతుకు ఏమిటో నిర్ణయించుకునే తెలివీ హక్కూ పల్లె మాల మాదిగలకు ఉన్నాయని అజరయ్య నిలబడి వాదించారు. అది మన పక్షపు మాటే. కానీ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నది కూడా ఆయనే. చర్చి ఓట్ల లెక్కగా మారిపోతుందని ఆయన భయం. అదే కాలంలో అంబేద్కర్ దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని పోరాడుతున్నారు. ఆత్మగౌరవం దగ్గర కలిసిన ఇద్దరూ అధికారం దగ్గర వేరయ్యారు.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. దేవాలయ స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మీద సిలువ. గుడి గడప తొక్కనివ్వని జనం తమ కోసం కట్టుకున్న గుడి అది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1919లో తరంగంబాడిలో ఆయన ముందుండి మొదలుపెట్టిన సంఘాల ఐక్యత ప్రయత్నం 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐగా ఫలించింది. ఆయన చూడలేదు. ఆయన సొంత డయాసిస్‌లోని నంద్యాల వాళ్లలో చాలామంది అందులో చేరకుండా 1975 దాకా బయటే ఉన్నారు. పాలమూరు వైపు మెన్నొనైట్లు, బాప్టిస్టులు అసలు చేరలేదు. గద్వాలలో, నాగర్‌కర్నూల్‌లో ఇవాళ కనిపించే వేర్వేరు బోర్డుల వెనక ఈ చరిత్ర ఉంది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ చట్టం నుంచి వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమని చెప్పినా కదలిక లేదు. మన రెండు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవుడు బీసీ-సీలో, 1 శాతం రిజర్వేషన్‌లో ఉంటాడు. అందుకే వాడలో ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ఊరు మాత్రం ఆ రెండు పేర్లనూ పట్టించుకోదు, కులాన్నే చూస్తుంది.

అజరయ్య వాడను నమ్మారు. పంతులు వాడలోంచే వస్తాడు, ఖర్చు వాడే భరిస్తుంది, నిర్ణయం వాడే చేస్తుంది అన్నారు. అక్కడిదాకా ఆయన దారి సరైనదే, మన సంఘాలు నేర్చుకోవాల్సినదే. మాల మాదిగల మధ్య గీత చెరపడం, రాజ్యం దగ్గర హక్కు గుంజుకోవడం ఆయన వల్ల కాలేదు. పాలమూరు వాడల్లో రేకుల చర్చి కింద చాప మీద కూర్చున్న పిల్లలకు ఆ రెండు పనులూ మిగిలి ఉన్నాయి. వాళ్లతో పాటు మనకూ.