పాఠశాల నుండి సమరాంగణానికి: పాట్రిక్ పియర్స్ జీవితం

పరభాషా ప్రాంతంలో మాతృభాషా పాఠశాలను నిలబెట్టడం ఎంతటి కష్టసాధ్యమైన కార్యమో అటువంటి పాఠశాలలతో అనుబంధమున్న వారందరికీ విదితమే. స్వదేశంలోనే మాతృభాష పరాయిదైపోయిన స్థితిలో, ఆ భాష కోసమే ఒక పాఠశాలను స్థాపించిన ఉపాధ్యాయుడు ఐర్లండ్ దేశంలో ఉండేవారు. ఆయనే పాట్రిక్ హెన్రీ పియర్స్. చరిత్ర గ్రంథాలలో ఆయన పేరు 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటు నాయకునిగా నిలిచిపోయింది. కాని 36 సంవత్సరాల ఆయన జీవితంలో సాయుధ సమరం నడిపినవి ఆరు రోజులు మాత్రమే. మాతృభాషా సేవలో, విద్యాబోధనలో గడిపినవి ఇంచుమించు ఇరవై ఏళ్లు.

పూర్వరంగం

ఆంగ్లేయుల పాలన నుండి విముక్తి కోసం ఐరిష్ ప్రజలు తరతరాలుగా పోరాడారు. తరం మారినప్పుడల్లా పోరాట పద్ధతి కూడా మారుతూ వచ్చింది. 1798లో ఫ్రెంచివారి సాయాన్ని ఆశించి దేశభక్తులు బహిరంగంగా తిరుగుబాటు చేసి ఓడిపోయారు. 1803లో యువకుడైన రాబర్ట్ ఎమ్మెట్ డబ్లిన్ కోటను పట్టుకొనే ప్రయత్నంలో విఫలుడై మరణశిక్షకు గురయ్యాడు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి, నాలుగేళ్లపాటు సాగిన ఘోర క్షామంలో దాదాపు 10 లక్షల మంది మరణించారు. మరి అంతమంది దేశం విడిచి వలసపోయారు. ఐరిష్ భాష మాట్లాడే నిరుపేద పల్లెలే ఆ క్షామంలో అందరికన్న ఎక్కువగా నాశనమయ్యాయి. దానికి తోడు 1831 నుండి నెలకొన్న జాతీయ పాఠశాలలలో బోధన ఆంగ్లంలోనే సాగేది. బ్రతుకుతెరువుకు ఆంగ్లమే దిక్కని తలచి తలిదండ్రులే బిడ్డల చేత ఇంటిభాషను మాన్పించసాగారు.

1858లో ఐరిష్ రిపబ్లికన్ బ్రదర్‌హుడ్ అనే రహస్య సంఘం ఏర్పడింది. ప్రమాణం చేసిన సభ్యులతో నడిచిన ఈ సంఘం 1867లో తలపెట్టిన తిరుగుబాటు కూడా విఫలమయింది. పిమ్మట పోరాటం పార్లమెంటుకు, పొలాలకు మళ్లింది. 1879లో స్థాపితమైన లాండ్ లీగ్ కౌలు రైతులను కూడగట్టి, వారిని పీడించే జమీందార్లను, వారి గుమాస్తాలను సాంఘికంగా వెలివేయించింది. ఆ విధంగా వెలికి గురైన బాయ్‌కాట్ అనే అధికారి పేరే బహిష్కరణకు మారుపేరై, తరువాతి కాలంలో భారతదేశపు స్వదేశీ ఉద్యమంలో సైతం మారుమ్రోగింది.

బాల్యం, విద్య

లాండ్ లీగ్ పుట్టిన సంవత్సరంలోనే, 1879 నవంబరు 10వ తేదీన, డబ్లిన్ నగరంలో పియర్స్ జన్మించారు. తండ్రి జేమ్స్ పియర్స్ ఇంగ్లండు నుండి వచ్చి స్థిరపడిన శిల్పి. చర్చిలకు రాతి శిల్పాలు చెక్కడం ఆయన వృత్తి. తల్లి మార్గరెట్ ఐరిష్ మహిళ. తల్లి వైపు బంధువైన ఒక వృద్ధురాలు చెప్పిన వీరగాథలు, పాడిన పాటలు బాలుని మనస్సులో ఐరిష్ భాషపై మక్కువను నాటాయి. తండ్రి ఆంగ్లేయుడైనప్పటికీ కుమారుడు ఐరిష్ భాషకు అంకితం కావడం గమనింపదగిన విషయం.

ఐరిష్ భాషను కాపాడుటకై 1893లో డగ్లస్ హైడ్, ఇయోన్ మెక్‌నీల్ ప్రభృతులు గేలిక్ లీగ్‌ను స్థాపించారు. పియర్స్ 1896లో అందులో సభ్యులయ్యారు. 1901లో పట్టభద్రులై, న్యాయవాద పట్టా కూడా పొందారు. న్యాయవాదిగా ఆయన పేరు నిలిచిన వ్యాజ్యం ఒక్కటే. డానిగాల్ ప్రాంతపు రైతు ఒకరు తన బండిపై పేరును ఐరిష్ లిపిలో వ్రాయించుకున్నందుకు జరిమానా విధించగా, 1905లో ఆ రైతు పక్షాన పియర్స్ వాదించారు. ఐర్లండ్‌లో ఐరిష్ అక్షరాలు చదువదగినవి కావని తీర్పు వచ్చింది. ఆ వ్యాజ్యంలో ఓడిపోయినా, సొంతగడ్డపై మాతృభాషకు గల స్థానమేమిటో ఆ తీర్పు లోకానికి తేటతెల్లం చేసింది.

ఆదర్శ విద్యాలయం

1903 నుండి ఆరేళ్లపాటు పియర్స్ గేలిక్ లీగ్ పత్రికకు సంపాదకులుగా ఉన్నారు. అందులో విద్యా విషయాలపై విరివిగా వ్రాశారు. 1905లో బెల్జియం వెళ్లి, ఫ్రెంచి, ఫ్లెమిష్ భాషలు రెండింటిలోనూ పాఠాలు నేర్పే విధానాన్ని తరగతి గదులలో కూర్చుండి పరిశీలించారు. బిడ్డ ఇంటిభాషలో మొదలుపెట్టి, రెండవ భాషను వస్తువులు, బొమ్మలు, సంభాషణల ద్వారా క్రమక్రమంగా నేర్పితే ఏ భాషకూ లోటు రాదని ఆయన గ్రహించారు.

ఆ విశ్వాసంతోనే 1908 సెప్టెంబరు 8న డబ్లిన్‌లోని కల్లెన్స్‌వుడ్ హౌస్‌లో సెయింట్ ఎండాస్ పాఠశాలను ప్రారంభించారు. నలభై మంది వరకు బాలురతో ఆరంభమైన ఆ పాఠశాలలో పాఠాలు ఐరిష్, ఆంగ్ల భాషలు రెండింటిలోనూ సాగేవి. కవి, పండితుడు అయిన థామస్ మెక్‌డొనా సహాయ ప్రధానోపాధ్యాయులుగా చేరారు. తమ్ముడు విలియం చిత్రలేఖనం నేర్పేవాడు. తోటపని, ప్రకృతి పరిశీలన, నాటక ప్రదర్శన చదువులో భాగాలు. విద్యార్థి నాయకులను విద్యార్థులే ఎన్నుకొనేవారు. పరీక్షలలో మార్కుల కోసమే బిడ్డలను యంత్రాలవలె తయారుచేసే నాటి విద్యావిధానాన్ని పియర్స్ తీవ్రంగా నిరసించారు. ప్రతి బిడ్డలోనూ సహజంగా ఉన్న శక్తిని వెలికి తీయడమే గురువు ధర్మమని ఆయన భావన.

పాఠశాల ప్రవేశద్వారం వద్ద ఐరిష్ పురాణవీరుడు కుహులిన్ బాల్యంలోనే ఆయుధం పట్టిన దృశ్యం చిత్రితమై ఉండేది. ఆయుష్షు స్వల్పమైనా కీర్తి చిరస్థాయి కావాలని కోరుకున్న ఆ బాలవీరుడు తెలుగువారికి అభిమన్యుని గుర్తుకు తెస్తాడు. ఆ బొమ్మ పియర్స్ మనస్సులో రానున్న రోజుల ఛాయను పట్టి చూపుతుంది.

1910లో పాఠశాలను నగర శివార్లలోని హెర్మిటేజ్ అనే విశాలమైన భవనానికి మార్చారు. పాత భవనంలో బాలికల కోసం మరొక పాఠశాల తెరిచారు గాని, ధనాభావం వలన 1912లో దానిని మూసివేయక తప్పలేదు. అప్పులు నానాటికి పెరిగాయి. 1913 మే నెలలో డబ్లిన్‌లోని ఆబీ నాటకశాలలో, పాఠశాల సహాయార్థం, విద్యార్థులు పియర్స్ రచించిన ఐరిష్ నాటికను ప్రదర్శించగా, అదే వేదికపై అదే సాయంత్రం రవీంద్రనాథ్ ఠాగూర్ పోస్టాఫీసు నాటకం కూడా ప్రదర్శితమయింది. ఠాగూరుకు నోబెల్ బహుమతి ప్రకటించినది ఆ తరువాత కొన్ని నెలలకు. 1914లో పియర్స్ అమెరికా వెళ్లి ఉపన్యాసాలిచ్చి విరాళాలు సేకరించిన మీదట పాఠశాల ఊపిరి పీల్చుకుంది.

మారిన మార్గం

చిరకాలం పియర్స్ హోమ్ రూల్‌ను సమర్థించినవారే. కాని ఆ చట్టాన్ని అడ్డుకొనుటకు 1913 జనవరిలో ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లో సాయుధ దళాలు ఏర్పడ్డాయి. దానికి జవాబుగా అదే సంవత్సరం నవంబరులో డబ్లిన్‌లో ఐరిష్ వాలంటీర్ల దళం అవతరించింది. అందులో చేరిన పియర్స్ మరుసటి నెలలోనే రహస్య సంఘంలో కూడా ప్రమాణం చేశారు. 1914లో ప్రపంచయుద్ధం రావడంతో హోమ్ రూల్ చట్టం అమలు వాయిదా పడింది. వాలంటీర్లలో అత్యధికులు పార్లమెంటు నాయకుడు రెడ్మండ్ వెంట నడిచి బ్రిటన్‌కు తోడ్పడగా, మిగిలిన కొద్దిమందితో రహస్య సంఘం తిరుగుబాటుకు పథకం వేసింది. 1915 ఆగస్టు 1న వృద్ధ విప్లవకారుడు ఓ డోనోవన్ రోసా అంత్యక్రియలలో పియర్స్ చేసిన ప్రసంగం ఆయనను జాతి నాయకుల వరుసలో నిలిపింది.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం. జర్మనీ నుండి 20,000 తుపాకులతో వచ్చిన ఓడ అప్పటికే బ్రిటిషు నౌకల చేత చిక్కి, సముద్రంలో మునిగిపోయింది. వాలంటీర్ల అధిపతి మెక్‌నీల్ కవాతును రద్దు చేస్తూ ఉత్తర్వు వెలువరించారు. అయినా వెయ్యి మందికి పైగా సాయుధులు డబ్లిన్‌లోని ప్రధాన భవనాలను ఆక్రమించారు. జనరల్ పోస్టాఫీసు ముందు నిలబడి పియర్స్ ఐరిష్ రిపబ్లిక్ ప్రకటనను చదివారు. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు హక్కు లేని ఆ రోజులలో, స్త్రీపురుషులందరికీ సమాన హక్కులను వాగ్దానం చేసిన పత్రమది. సెయింట్ ఎండాస్ పూర్వవిద్యార్థులు కొందరు తమ గురువు వెంట ఆ భవనంలోనే నిలిచారు.

భవనాలను పట్టుకొని కూర్చునే యుద్ధం ఫిరంగుల ముందు ఎంతోకాలం నిలువలేదు. నగరం మంటల పాలయింది. ఆ వారంలో మరణించిన సుమారు 485 మందిలో సగానికి పైగా సామాన్య పౌరులు. వారిలో దాదాపు 40 మంది బాలబాలికలు. ప్రజల ప్రాణనష్టాన్ని ఆపడం కోసం ఏప్రిల్ 29న పియర్స్ లొంగిపోయారు. తెల్లజెండా పట్టుకొని ఆ వార్తను బ్రిటిషు సేనానికి చేర్చినది నర్సు ఎలిజబెత్ ఓఫారెల్. మే 3 తెల్లవారుజామున కిల్‌మైన్‌హామ్ జైలులో పియర్స్‌ను, మెక్‌డొనాను, వృద్ధుడైన థామస్ క్లార్క్‌ను కాల్చి చంపారు. మరునాడు తమ్ముడు విలియం వంతు వచ్చింది. పాఠశాలలో కవాతు నేర్పిన కాన్ కోల్బర్ట్‌ను మే 8న కాల్చివేశారు. ఒక చిన్న పాఠశాల తన ఉపాధ్యాయులలో నలుగురిని ఒక్క వారంలోపే కోల్పోయింది.

ఆ తరువాత

తిరుగుబాటును తొలుత నిరసించిన ప్రజలే ఈ మరణశిక్షలతో చలించిపోయారు. 1918 ఎన్నికలలో ఐర్లండ్‌లోని 105 స్థానాలలో 73 సిన్ ఫీన్ పక్షం గెలిచి, 1919లో స్వంత శాసనసభను ఏర్పరచింది. పియర్స్‌తో పోస్టాఫీసులో ఉన్న మైకేల్ కాలిన్స్ ఆ ఓటమి నుండి పాఠం నేర్చి, భవనాలను పట్టుకునే పద్ధతిని విడిచిపెట్టాడు. చిన్న చిన్న దళాలతో గెరిల్లా యుద్ధాన్ని, పటిష్ఠమైన గూఢచారి వ్యవస్థను నడిపాడు. 1921లో సంధి కుదిరింది. దేశం రెండుగా చీలింది. సంధిపై అన్నదమ్ములు కలహించుకొనగా 1922లో అంతర్యుద్ధం వచ్చి కాలిన్స్‌ను కూడా బలిగొన్నది. ఉత్తర ఐర్లండ్‌లో 1960 దశకం చివర రగిలిన హింస మరి 3,500 మందిని పొట్టన పెట్టుకొని, 1998 నాటి ఒప్పందంతో గాని చల్లారలేదు.

ఆ పోరాటపు ప్రతిధ్వనులు భారతదేశంలోనూ వినిపించాయి. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి నడిపిన సూర్యసేన్ కూడా బడిపంతులే. బరంపురంలోని తెలుగు కుటుంబంలో జన్మించిన వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రం చదువుటకు డబ్లిన్ వెళ్లారు. విశ్వవిద్యాలయంలో ఆయనకు ఆంగ్లసాహిత్యం బోధించినది పియర్స్ సహచరుడైన మెక్‌డొనాయే. తిరుగుబాటు అనంతరం 1916లో గిరి ఐర్లండ్ విడిచి రావలసి వచ్చింది. స్వదేశంలో ఆయన ఎన్నుకున్నది కార్మికోద్యమాన్ని, అహింసా మార్గాన్ని. 1969లో భారత రాష్ట్రపతి పదవిని అలంకరించారు.

తీరని కార్యం

పియర్స్ తల్లి మార్గరెట్ ఇద్దరు కుమారులను పోగొట్టుకొని కూడా పాఠశాలను నడిపించింది. ఆ పాఠశాల 1935 వరకు కొనసాగింది. నేడు ఆ భవనం పియర్స్ స్మారక ప్రదర్శనశాల. స్వతంత్ర ఐర్లండ్ ఆయన భాషను ప్రథమ అధికార భాషగా చేసింది, ప్రతి పాఠశాలలోనూ నేర్పింది. అయినప్పటికీ, 2022 జనాభా లెక్కల ప్రకారం, పాఠశాల వెలుపల నిత్యం ఐరిష్ మాట్లాడేవారు 72,000 మంది మాత్రమే. రాజ్యాన్ని సాధించడానికి ఒక తరం చాలింది. ఇళ్లలో ఆగిపోయిన మాటను తిరిగి తెప్పించుటకు నూరేళ్లు చాలలేదు.

తుపాకి పట్టిన పియర్స్ మార్గం ఉచితమా, అనుచితమా అని ఐరిష్ చరిత్రకారులు నేటికీ వాదించుకుంటున్నారు. తన విద్యార్థులను ఆ మార్గంలోకి నడిపించిన గురువును గురించి తలిదండ్రుల మనస్సులో ప్రశ్నలు ఉదయించడం సహజమే. కాని తరగతి గదిలోని పియర్స్‌ను గురించి ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. పాఠశాల ఎంత శ్రమించినా, ఇంట పలకని భాష బడిలో బ్రతకదని ఆయన దేశపు అనుభవం చాటుతున్నది. ఇల్లూ బడీ చేయి కలిపిన చోట భాషకు చావు లేదు. అప్పులలో, అవహేళనలలో నలభై మంది పిల్లలతో పియర్స్ ఆరంభించిన ఆ కార్యం మాతృభాషా పాఠశాల నిలిచి ఉన్న ప్రతి ఊరిలోనూ ప్రతి ఉదయం ప్రార్థన గంటతో తిరిగి మొదలవుతూనే ఉన్నది.