గింజను కాపాడిన వావిలోవ్

మన గోదావరి డెల్టాలో సార్వా అంటే స్వర్ణే అన్న రోజులు చాలాకాలం నడిచాయి. 1925లో ఏర్పడిన మారుటేరు పరిశోధనా కేంద్రం వశిష్ట, మసూరి రకాలను కలిపి పుట్టించిన వంగడం అది. 1982లో రైతు చేతికి వచ్చింది. ఇలా కొత్త వంగడం పుట్టాలంటే ముందు తల్లీతండ్రీ కాగల పాత రకాలు బతికుండాలి. ఆ పని కోసం ప్రాణమిచ్చిన రష్యన్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ జీవితాన్ని రైతు సోదరులకు చెప్పదలచుకున్నాం.

వావిలోవ్ 1887లో మాస్కోలో పుట్టాడు. తండ్రి పల్లెటూరి పేదరికంలో పెరిగి వర్తకుడైనవాడు. పంట పోతే ఊళ్ళకు ఊళ్ళే పస్తులుండే దేశం అది. కరువుకీ తెగులుకీ తట్టుకునే పంటలు కావాలంటే లోకంలోని రకాలన్నీ ఒకచోట చేర్చాలని ఆయన నమ్మాడు. ఇరాన్, అఫ్ఘనిస్తాన్, ఇథియోపియా, చైనా, మెక్సికో తిరిగి, రైతుల దగ్గరా సంతల్లోనూ గింజలు సేకరించాడు. లెనిన్‌గ్రాడ్‌లోని ఆయన సంస్థలో లక్షల నమూనాలు చేరాయి. పంటల పుట్టిళ్ళ గురించి 1926లో ఆయన ఒక సిద్ధాంతం ప్రకటించాడు. వరికి పుట్టిల్లుగా మన దేశాన్ని చూపినవాడు ఆయనే.

అయితే జన్యుశాస్త్రాన్ని కాదన్న లైసెంకోకు స్టాలిన్ ప్రభుత్వం అండగా నిలిచింది. ఎదురు నిలిచిన వావిలోవ్‌ను 1940 ఆగస్టులో, మొక్కల సేకరణలో ఉండగానే, అరెస్టు చేశారు. 1943 జనవరి 26న సరతోవ్ జైలులో తిండిలేక చిక్కి చనిపోయాడు. 1955లో గాని ఆయన నిర్దోషి అని ప్రకటించలేదు. ఈ అన్యాయాన్ని మనం దాచిపెట్టకూడదు.

ఆయన జైలులో ఉన్న కాలంలోనే హిట్లర్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించాయి. ఊరంతా ఆకలితో మాడిపోతున్నా, సంస్థ ఉద్యోగులు విత్తనాలు వండుకు తినలేదు. కొందరు ఆ సంచుల మధ్యే కన్నుమూశారు. వరి విత్తనాలు చూసే ఇవానోవ్ వారిలో ఒకడు. చుట్టూ వేల వడ్ల పొట్లాలున్నాయి. ఒక్క గింజ ముట్టలేదు.

దీనికీ మన చేలకీ సంబంధం ఉంది. వానొస్తే డెల్టా పల్లాల్లో వరి మునుగుతుంది. అలాంటి చోట్ల రెండు వారాల ముంపుకి తట్టుకునే స్వర్ణ సబ్-1 రకం 2009లో విడుదలైంది. ఆ తట్టుకునే గుణం ఒరిస్సా రైతుల తాతలనాటి వరి నుంచి వచ్చింది. ఎవరో దాన్ని దాచబట్టి స్వర్ణకు ఆ బలం అబ్బింది.

మన అక్కుళ్ళు, కృష్ణకాటుకలు ఇప్పుడెన్ని గాదెల్లో ఉన్నాయి? దిగుబడి తక్కువని వదిలేసిన గింజలో రేపటి తెగులుకి మందు ఉండొచ్చు. రైతు కొంచెం చేలో నిలబెట్టాలి, ప్రభుత్వం విత్తన నిధిలో భద్రపరచాలి. పోయిన రకాన్ని ఏ శాస్త్రజ్ఞుడూ తిరిగి తేలేడు.