పలుగురాయితో రేడియోకు శ్రుతి కట్టినవాడు

1920 ప్రాంతాలలో రేడియో ఔత్సాహికులు తమ యంత్రాలను తామే ఇంట కూర్చుకొనేవారు. ట్రాన్స్‌మిటరులోని తీగచుట్ట, కండెన్సరు కలిసి పౌనఃపున్యమును నిర్ణయించేవి. వాల్వు వేడికి తీగచుట్ట వ్యాకోచించినా, విద్యుత్పీడనం కొంచెం తగ్గినా, చేయి దగ్గరకు చాపినా ఆ పౌనఃపున్యము జారిపోయేది. ఆవల వినేవాని రిసీవరుదీ అదే గతి. సంభాషణ మధ్యలోనే సంకేతం మాయమయ్యేది. ఈ చాంచల్యానికి విరుగుడు చూపినవాడు వాల్టర్ గైటన్ కెయిడీ.

ఆయన 1874 డిసెంబరు 10న అమెరికాలోని ప్రావిడెన్సు నగరంలో జన్మించినాడు. బ్రౌను విశ్వవిద్యాలయంలో చదివి, 1900లో బెర్లినులో డాక్టరు పట్టం పొందినాడు. 1902 నుండి మిడిల్‌టౌనులోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించినాడు.

స్ఫటికమును అదిమితే విద్యుత్తు పుడుతుందని పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ 1880లోనే కనుగొన్నారు. విద్యుత్తు ప్రయోగిస్తే స్ఫటికం ఆకారం మారుతుందని అటుపిమ్మట తేలినది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాములను పసిగట్టే పరిశోధనలో కెయిడీకి ఈ స్ఫటికాలతో పరిచయమైనది. పలుగురాతి పలక తన సహజస్పందన వద్ద విద్యుద్వలయమును శాసించగలదని ఆయన గ్రహించినాడు. 1921లో అట్టి పలకను వాల్వుల వలయంలో అమర్చి పౌనఃపున్యమును నిలకడగా నిలిపినాడు. పలక ఎంత పలుచనైతే పౌనఃపున్యము అంత హెచ్చు. 1923లో ఆయన తన స్ఫటికాలతో ఇటలీ, ఫ్రాన్సు, ఇంగ్లండులకు వెళ్లి, ఆయా దేశాల ప్రమాణాలను పోల్చి చూచినాడు.

కీర్తి మాత్రం వివాదరహితంగా దక్కలేదు. రోషెల్ లవణపు స్ఫటికంతో అలెగ్జాండర్ నికల్సన్ 1918లోనే పేటెంటు కోరియున్నాడు. దీర్ఘకాలం తగవు నడిచి, 1940లో అది ఆయనకే లభించినది. హార్వర్డు ఆచార్యుడు జార్జి పియర్సు ఒకే వాల్వుతో పనిచేసే సులభవలయమును రూపొందించగా, ఔత్సాహికులు దానిని అక్కున చేర్చుకొన్నారు. వారు గాజుపలకపై రాపిడిపొడి చల్లి, పలుగురాతి పలకలను చేతితోనే సానపట్టి, కోరిన పౌనఃపున్యమునకు తెచ్చుకొనేవారు. ఒక్క క్షణం ఏమరినా పలక మితిమీరి అరిగిపోయేది. అరిగినదానిని మరల మందం చేయుట సాధ్యం కాదు.

అయినా పలుగురాతి ఆందోళకమును తొలుత నిర్మించిన గౌరవం కెయిడీదే. 1928లో రేడియో ఇంజనీర్ల సంస్థ ఆయనకు బహుమానమిచ్చినది. 1932లో అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. 1946లో ఆయన తన శాస్త్రమును సమగ్రంగా వివరించే గ్రంథం వెలువరించి, అదే ఏట ఉద్యోగవిరమణ చేసినాడు.

నూరేండ్లు నిండుటకు ఒక్కరోజు ముందు, 1974 డిసెంబరు 9న, ఆయన కన్నుమూసినాడు. తగవులో పేటెంటు పరులదైనా పరిశోధనను విడనాడని ఆ ఉపాధ్యాయుని నిలకడ, ఆయన నమ్ముకొన్న పలుగురాతికి తీసిపోయినది కాదు.