దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు

చిత్తశాంతిని కోరనివారు లోకమున లేరు. అయితే ఆ శాంతి కష్టములు తీరిన పిమ్మట లభించునదా, కష్టముల నడుమనే లభించునదా అను ప్రశ్న నేటిది కాదు. మన ఖమ్మము సీమవారు దీనికి సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న గోలకొండ చెరసాలలో నుండియే శ్రీరాముని కీర్తించెను. మతము వేరైనను భక్తిచేత ఆ కోవకే చెందిన మరియొక మహనీయుడు మనకు సమీపమున దోర్నకల్లులో ముప్పదియైదేండ్లు జీవించెను. ఆయనయే వేదనాయకము శామ్యూల్ అజరయ్య. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆయన చరిత్రమును సంగ్రహముగా చెప్పుకొనుట ఉచితమని తలచితిని.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి ప్రాంతమున వెళ్ళాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ ఊరి క్రైస్తవ గురువు. 1889లో ఆయన గతించెను. పదునైదేండ్ల బాలుని పెంచు భారము తల్లి ఎలెన్ అమ్మగారిపై బడినది. కుమారుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టము చేతికి రాకుండగనే చదువు ముగిసెను. ఇది ఎంతటివానికైనను కుంగుబాటు కలిగించు విషయమే. ఆయన మాత్రము దిగులుతో కూర్చుండక 1895లో క్రైస్తవ యువజన సమాజములో చేరి దక్షిణదేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు అమ్మగారిని వివాహమాడిరి. ఆమె కళాశాలలో చదువుకొన్న విదుషి. అన్ని కార్యములందును భర్తకు తోడునీడయై నిలిచెను.

1902లో సింహళములోని యాళ్పాణమునకు పోయినప్పుడు అచటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సేవ సాగించుచుండుట చూచి అజరయ్యగారి మనస్సు కలతపడెను. మనదేశపు సంఘము ఎంతకాలము పరులపై ఆధారపడి యుండవలెనను ప్రశ్న ఆయనను వదలలేదు. మరుసటి సంవత్సరమే తిరునెల్వేలిలో స్వదేశీయుల ధనముతో, స్వదేశీయుల చేతులమీదుగా నడచు ఒక సేవాసంఘము వెలసెను. ఆ సంఘము తన సేవాక్షేత్రముగా ఎన్నుకొనినది నిజాము రాజ్యములోని దోర్నకల్లు. పరులను పంపి తాను పట్టణమున నుండుట తగదని తోచి, 1909లో గురుపట్టము స్వీకరించి ఆయన స్వయముగా దోర్నకల్లు చేరిరి. తొలిదినములలో గుడారమే నివాసము. తమిళము మాతృభాషయైన ఆయన తెలుగు నేర్చుకొనిరి.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన ప్రసంగించిరి. విదేశీ గురువులు భారతీయుల యెడ దయ చూపుచున్నారే గాని, సమానులతో వలె చెలిమి చేయుట లేదని నిర్భయముగా చెప్పిరి. పలువురు నొచ్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్పు పదవి ఈయబడెను. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవినందిన మొదటి భారతీయుడు ఆయనయే. దీనిని ప్రతిఘటించినవారు విదేశీయులలోనే గాక స్వదేశీయులలో కూడ ఉండిరి. ఆయన ఎవరికిని కటువుగా బదులీయక దోర్నకల్లు వచ్చి పనిలో మునిగిరి.

ఆ పని ఎక్కువగా మాల మాదిగ వాడలలో సాగెను. ఎండ్లబండిపై ఊరూర తిరుగుచు ఆయన బీదలలో బీదలకు అక్షరమును, శుభ్రతను, ఆత్మగౌరవమును బోధించిరి. మాల మాదిగ భేదములను సంఘములోనికి రానీయరాదని పట్టుపట్టిరి. గృహిణులు వంటకు బియ్యము తీయునప్పుడెల్ల పిడికెడు వేరుగ నుంచి సంఘమునకు సమర్పించు ఆచారమును ప్రోత్సహించిరి. లెక్కలు వ్రాయు వృత్తిలో జీవితము గడపిన నాకు ఈ పిడికెడు బియ్యము గొప్ప జమగా తోచుచున్నది. ఏలయన, ఇంతకాలము పుచ్చుకొనువాడుగా నున్నవాడు ఆ దినమున ఇచ్చువాడాయెను.

దోర్నకల్లు దేవాలయ నిర్మాణమునకు ఇంచుమించు పాతికేండ్లు పట్టినది. మొదటి ప్రపంచయుద్ధము, ధనాభావము పనిని పలుమారులు ఆపినవి. అది 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. అందు హిందూ దేవాలయముల స్తంభములును, మహమ్మదీయ కట్టడముల గుమ్మటములును ఒక్కచోట ఇమిడియున్నవి. చదువు పట్టము లేకపోయిన ఆయనకు 1920లోనే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను.

రాజకీయపు కలతలు కూడ ఆయనను విడువలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించి తనవారిలో కొందరికి దూరమైరి. మతమార్పిడుల విషయమున గాంధీమహాత్మునితో భేదించి దేశాభిమానులలో అనేకుల నిందకు పాత్రులైరి. ఈ వివాదమున ఎవరి పక్షము న్యాయమో నిర్ణయించుట ఈ వ్యాసోద్దేశము కాదు. ఇరువైపుల నుండి నిందలు వచ్చినను ఆయన నిత్యకృత్యమగు ప్రార్థనయు, గ్రామసంచారమును మానలేదనునదే మనము గ్రహింపదగినది.

వేరువేరు క్రైస్తవ శాఖలు ఒక్కటి కావలెనని 1919లో తరంగంబాడి సభ మొదలు ఆయన పాటుపడిరి. ఇరువది సంవత్సరములు దాటినను చర్చలు తెమలలేదు. 1945 జనవరి 1వ తేదీన ఆయన దోర్నకల్లులో కన్నుమూసిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మాత్రమే ఏర్పడెను. నాటిన చెట్టు ఫలము ఆయన కంట పడలేదు.

ఇదియే నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన విషయము. ఫలమును చూచిన గాని శాంతింపని మనస్సు ఎన్నటికిని శాంతింపదు. కర్మఫలమును భగవంతునికి విడిచి కర్మము చేయుమని మన పెద్దలు చెప్పినదియు ఇదియే. అజరయ్యగారు ఆ స్థైర్యమును క్రీస్తునందలి విశ్వాసముచేత పొందిరి. మార్గములు వేరు కావచ్చును, చేరిన తావు ఒక్కటియే. కలతల కాలమున నిలుకడ కోరు పాఠకులు ఏ మతమువారైనను, ఒకమారు దోర్నకల్లు పోయి, ఆ దేవాలయపు స్తంభముల నీడను కొంతసేపు కూర్చుండి రావలెనని నా మనవి.