ముఖాలలో చరిత్రను చదివిన గ్రేంజర్

పాత పాఠ్యపుస్తకంలోని నాయకుల బొమ్మలను కత్తిరించి నోటుపుస్తకంలో అతికించుకొనే అలవాటు బడిపిల్లలకు కొత్తది కాదు. ఉపాధ్యాయుడు ఆ నోటుపుస్తకాన్ని చూచి సంతోషిస్తాడు. నడుమ చిల్లి మిగిలిన పాఠ్యపుస్తకాన్ని చూచి మందలిస్తాడు. ఆ సంతోషానికీ ఈ మందలింపుకూ ఒకే మనిషి పేరు ముడిపడి ఉన్నదంటే వింతగా తోచవచ్చును. ఆయన జేమ్స్ గ్రేంజర్. పదునెనిమిదవ శతాబ్దంలో ఇంగ్లండులోని ఒక చిన్న గ్రామానికి మతగురువుగా ఉండి, రాజులు, మంత్రులు, సేనానులు మొదలైనవారి ముద్రిత రూపచిత్రాలను సేకరించి, వానిని చరిత్రకు సాధనంగా ఎట్లు ఉపయోగించవచ్చునో లోకానికి చూపినవాడు.

గ్రేంజర్ 1723లో డార్సెట్ మండలంలోని షాఫ్ట్స్‌బరీ పట్టణంలో జన్మించినాడు. తల్లిదండ్రులు బీదవారు. 1743లో ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో చేరినాడు కాని, పట్టం పుచ్చుకోకుండానే బయటికి వచ్చినాడు. తరువాత మతదీక్ష స్వీకరించి, థేమ్సు నది ఒడ్డున ఉన్న షిప్‌లేక్ గ్రామంలో చర్చి గురువుగా నియమితుడైనాడు. పెద్ద జీతం లేదు. పెద్ద పదవిపై ఆశా లేదు. ఆదివారం ప్రార్థనలు, గ్రామస్థుల పెండ్లిండ్లు, అంత్యక్రియలు ముగిసిన తరువాత మిగిలిన కాలమంతా ఆయన తన చిత్రాలతోనే గడిపినాడు. జీవితాంతానికి ఆయన వద్ద దాదాపు 14,000 రూపచిత్రాలు చేరినవి.

ఈ చిత్రాలు ఎట్టివో తెలిసికొంటే గాని ఆయన కృషి విలువ బోధపడదు. కెమెరా ఇంకా పుట్టని కాలమది. ఒక ప్రముఖుని ముఖం సామాన్యునికి తెలియవలెనంటే రాగిరేకే శరణ్యం. నునుపుచేసిన రాగిరేకుపై పదునైన ఉక్కు ఉలితో శిల్పి సన్నని గీతలు చెక్కుతాడు. రేకంతటా సిరా పట్టించి పైభాగాన్ని తుడిచివేస్తే, సిరా ఆ గీతల లోతులలో మాత్రమే నిలిచి ఉంటుంది. తడిపిన కాగితాన్ని దానిపై పరచి బరువైన మరలో దొర్లిస్తే ఆ సిరా కాగితానికి ఎక్కుతుంది. తైలవర్ణ చిత్రం ఒక ప్రభువు మేడలో ఒక గోడకు మాత్రమే అలంకారం. ఈ రేకు వందలాది ప్రతులనిచ్చి, ఆ ముఖాన్ని అంగడి వీధికి తెచ్చింది.

అందుచేత రాజకీయాలకు ఇది గొప్ప ఆయుధమైనది. 1649 జనవరిలో మొదటి ఛార్లెస్ రాజు శిరచ్ఛేదం జరిగినది. వెంటనే ఆయన పేర ఒక చిన్న గ్రంథం వెలువడినది. దాని ముఖచిత్రంగా విలియం మార్షల్ చెక్కిన బొమ్మలో రాజు మోకరిల్లి ముళ్లకిరీటాన్ని చేతబట్టి ఉంటాడు. ఆ గ్రంథం ఆ సంవత్సరంలోనే పలుమార్లు పునర్ముద్రణ పొంది, మరణించిన రాజును అమరవీరునిగా నిలిపినది. దానిని ఖండించడానికి మహాకవి మిల్టనే కలం పట్టవలసి వచ్చినది. విలియం ఫేథార్న్ అనే మరొక శిల్పి రాజు పక్షాన పోరాడి, 1645లో బేసింగ్ హౌస్ కోట పతనమైనప్పుడు పట్టుబడినాడు. అదే ఫేథార్న్ 1658లో, రాజును కూలద్రోసిన క్రామ్‌వెల్ మూర్తిని స్తంభాల నడుమ మహావీరునిగా చెక్కినాడు. బ్రతుకుతెరువుకు పక్షం లేదు.

వీటన్నిటిలో వింతైనది పియెర్ లొంబార్ట్ చెక్కిన గుర్రపురౌతు చిత్రం. వాన్ డైక్ చిత్రించిన ఛార్లెస్ రాజు అశ్వారూఢ చిత్రమే దానికి మూలం. రాగిరేకుపై గుర్రం మారలేదు, కవచం మారలేదు. కాలాన్ని బట్టి తల మాత్రం మారినది. ఒకప్పుడు క్రామ్‌వెల్ తల, ఒకప్పుడు ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తల, ఒకప్పుడు ఛార్లెస్ తల. నడుమ ఒక దశలో తల ఉండవలసిన చోటు ఖాళీగానే అచ్చయినది. ముఖాన్ని మాత్రమే నమ్మి చరిత్ర వ్రాసేవారికి ఇంతకు మించిన హెచ్చరిక లేదు.

గ్రేంజర్‌కు ముందు కూడా ఈ చిత్రాలను సేకరించినవారు ఉన్నారు. ప్రసిద్ధ దినచర్యల కర్తలైన పెపిస్, ఎవెలిన్‌లకు ఈ అభిరుచి ఉండేది. గ్రేంజర్ కాలంలోనే, ప్రధానమంత్రి కుమారుడైన హోరేస్ వాల్పోల్ తన స్ట్రాబెర్రీ హిల్ భవనంలో పెద్ద సేకరణ నిర్మించినాడు. కాని వారికి లేనిది ఒకటి గ్రేంజర్‌కు ఉన్నది. అది క్రమం. ఈ ముఖం ఎవరిది, ఏ రాజు కాలంలో జీవించినాడు, ఏ పని చేసినాడు, బొమ్మ వ్రాసినదెవరు, రేకు చెక్కినదెవరు అనే ప్రశ్నలు వేసికొని, ఒక్కొక్క చిత్రం పక్కన ఆ మనిషి జీవితాన్ని నాలుగు మాటలలో వ్రాయసాగినాడు. వాల్పోల్ తన భాండాగారాన్ని ఆయనకు తెరచి సహాయపడినాడు. ఆ కృతజ్ఞతతో గ్రేంజర్ తన గ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చినాడు.

1769లో ఆ గ్రంథం ఇంగ్లండు జీవితచరిత్ర అనే పేరుతో లండనులో వెలువడినది. ప్రచురించినవాడు టామస్ డేవీస్. ఒకప్పటి నటుడైన ఈ పుస్తక వ్యాపారి దుకాణంలోనే, అంతకు ఆరేండ్ల క్రితం బాస్వెల్ మొదటిసారి డాక్టర్ జాన్సన్‌ను కలుసుకొన్నాడు. ప్రాచీనుడైన ఎగ్బర్ట్ రాజునుండి 1688 నాటి విప్లవం వరకు గల కాలాన్ని గ్రేంజర్ రాజుల పాలనలుగా విభజించి, ప్రతి పాలనలోని మనుష్యులనూ పన్నెండు తరగతులుగా అమర్చినాడు. రాజవంశీయులు మొదటి తరగతి, రాజ్యాధికారులు రెండవది, ప్రభువులు మూడవది. తరువాత మతాచార్యులు, రాయబారులు, పార్లమెంటు సభ్యులు, న్యాయవాదులు, యోధులు, సామాన్య గృహస్థులు, వైద్యులు, కవులు, చిత్రకారులు, చేతిపనివారు. పదునొకండవది స్త్రీల తరగతి.

పన్నెండవ తరగతి దగ్గర పాఠకుడు ఆగవలెను. జీవితంలో ఏదో ఒక్క విశేషంచేత మాత్రమే లోకానికి తెలిసిన అతి సామాన్యులకు గ్రేంజర్ అక్కడ చోటు కల్పించినాడు. నూరేండ్లు దాటి బ్రతికిన ముదుసలి, వికలాంగుడు, శిక్ష పడిన నేరస్థుడు అందులో కనిపిస్తారు. రాజుతో ఆరంభమైన పట్టిక బిచ్చగానితో ముగుస్తుంది. వరుస అంతస్తు ప్రకారమే సాగినమాట నిజం. కాని బిచ్చగానికి కూడా ముఖమున్నది, ఆ ముఖానికి చరిత్రలో ఒక పంక్తి ఉన్నదని చూపడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు.

గ్రంథానికి గొప్ప ఆదరణ లభించినది. విమర్శా వచ్చినది. డాక్టర్ జాన్సన్ అందులోని వింత విశేషాలను ఒప్పుకొన్నాడు కాని, గ్రంథకర్త విగ్ పక్షంవాడని, అందులోనూ మతగురువు దుస్తులలో ఉన్న విగ్గు తనకు గిట్టడని చిరాకు పడినాడు. గ్రేంజర్ తన దారి మార్చుకోలేదు. 1774లో అనుబంధాన్ని ప్రకటించినాడు. ఆ ప్రాంతంలోనే మాజీ ప్రధాని బ్యూట్ ప్రభువు కుమారుడైన మౌంట్‌స్టూవర్ట్‌తో కలిసి హాలెండులో పర్యటించినాడు. ఆ పర్యటనలో మౌంట్‌స్టూవర్ట్ తన సేకరణకై పెక్కు చిత్రాలను కొన్నాడు.

గ్రంథకర్త ఊహించని ఫలితం ఒకటి ఈలోగా తలయెత్తినది. పట్టిక చేతికి రాగానే, అందులోని చిత్రాలన్నీ తమవద్ద ఉండవలెననే పిచ్చి ధనికులకు పట్టినది. గ్రంథం వెలువడక ముందు ఒక ఇంగ్లీషు రూపచిత్రానికి ఐదు షిల్లింగులు ఇస్తే ఉదారమైన ధర. 1770లో వాల్పోల్ మిత్రునికి ఉత్తరం వ్రాస్తూ, మూడు పెన్నీల విలువ చేయని అరుదైన బొమ్మలు ఇప్పుడు ఐదు గినీలకు పోతున్నవని వాపోయినాడు. గినీకి ఇరవై యొక్క షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. విద్యార్థులు లెక్క కట్టి చూస్తే నాలుగు వందల ఇరవై రెట్లని తేలుతుంది.

ధర పెరిగితే కత్తెర పదునెక్కుతుంది. పాత గ్రంథాలలోని ముఖచిత్రాలను వ్యాపారులు, సేకర్తలు నిర్దాక్షిణ్యంగా కోయసాగినారు. బొమ్మలున్న గ్రంథం చెక్కుచెదరకుండా దొరకడమే అరుదైనది. గ్రేంజర్ గ్రంథాన్నే విప్పి, పుటల నడుమ చిత్రాలను చొప్పించి మరల జిల్దు కట్టించుకోవడం గొప్పింటి వేడుకైనది. పార్లమెంటు సభ్యుడైన రిచర్డ్ బుల్ ఆ విధంగా పధ్నాలుగు వేలకు పైగా చిత్రాలను చేర్చగా, ఆ గ్రంథం ముప్పైకి మించిన బృహత్సంపుటాలుగా ఉబ్బినది. అవి నేడు అమెరికాలో కాలిఫోర్నియాలోని హంటింగ్‌టన్ గ్రంథాలయంలో ఉన్నవి. గ్రేంజర్ తన పుస్తకాన్ని ఇట్లు నింపుకొన్నవాడు కాడు. నింపుకొమ్మని ఎవరికీ చెప్పినవాడూ కాడు. అయినా పందొమ్మిదవ శతాబ్దం చివరకు ఈ పనికి ఆయన పేరే క్రియాపదమై ఇంగ్లీషు నిఘంటువులకు ఎక్కినది.

లండను సేకర్తలు బొమ్మల కోసం పోటీపడుతున్న ఆ రోజులలోనే షిప్‌లేక్‌లో మరొక కథ నడచినది. 1772 అక్టోబరు 18న గ్రేంజర్ తన చర్చిలో మూగజీవాల పక్షాన ఒక ఉపన్యాసం చేసినాడు. బైబిలులోని సామెతల గ్రంథం నుండి ఒక వాక్యాన్ని ఆధారంగా తీసికొని, గుర్రాలను, కుక్కలను హింసించడం పాపమని బోధించినాడు. గ్రామస్థులు మండిపడినారు. పవిత్రమైన వేదికపై కుక్కల, గుర్రాల ప్రసంగమేమిటని కొందరు నిందించినారు. గురువుకు మతి చలిస్తున్నదనడానికి ఇదే సాక్ష్యమని మరికొందరు అన్నారు. ఆయన వెనుదీయలేదు. ఆ ఉపన్యాసాన్ని అచ్చువేయించి, ప్రభువుకో బిషప్పుకో కాక, ఒక గుర్రపుబండి తోలేవానికి అంకితమిచ్చినాడు. జంతుహింసను నిషేధించే మొదటి చట్టం బ్రిటిషు పార్లమెంటులో 1822లో వచ్చినది. అప్పటికి ఆ ఉపన్యాసం వయస్సు సరిగా ఏబది సంవత్సరాలు.

పన్నెండవ తరగతిలో బిచ్చగాని ముఖాన్ని చేర్చిన కన్నే, బండికి కట్టిన గుర్రం కంట నీటిని చూచినది. గ్రేంజర్‌ను కేవలం బొమ్మల పిచ్చివానిగా తలచేవారు ఈ సంగతి మరువరాదు.

1776 ఏప్రిల్ 14, ఆదివారం. ఎప్పటివలెనే చర్చిలో ప్రార్థన జరిపి, సంస్కారం ఇస్తూ ఉండగా ఆయన వేదికవద్దనే మూర్ఛిల్లి పడిపోయినాడు. మరునాటి ఉదయం కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు ఏబది మూడు దాటలేదు. జీవితమంతా కూడబెట్టిన చిత్రాలు 1778లో వేలంలో అమ్ముడై చెల్లాచెదరైనవి. ఒక్కొక్క ముఖానికి ఆయన వెదకి పెట్టిన స్థానం ఒక్క అమ్మకంతో చెదరిపోయినది. పట్టిక మాత్రం నిలిచినది. 1806లో మార్క్ నోబుల్ అనే మరొక మతగురువు 1688 తరువాతి కాలానికి దానిని పొడిగించినాడు.

ఆయన పేర సాగిన అభిరుచి అంతా చెడే చేసినదనడం న్యాయం కాదు. అలెగ్జాండర్ సదర్లండ్ అనే సేకర్త 1795లో ఆరంభించి, క్లారెండన్, బర్నెట్‌లు వ్రాసిన ఆనాటి రాజకీయ చరిత్రలకు చిత్రాలు కూర్చినాడు. 1820లో ఆయన మరణించగా భార్య షార్లట్ ఆ పనిని కొనసాగించి, 1837లో సేకరణనంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి దానమిచ్చినది. అందులో దాదాపు 19,000 చిత్రాలున్నవి. ఆ శతాబ్దపు రాజకీయనాయకుల ముఖాలను ఎరుగగోరేవారికి అది నేటికీ గని.

అయితే గ్రేంజర్ కోరినది ముఖం ఒక్కటే కాదు. ముఖం, దాని పక్కన మనిషి కథ, రెండూ కలిసి ఉండవలెనని ఆయన ఆశయం. అనుచరులు ముఖాన్ని తీసికొని కథను చింపివేసినారు. కథనుండి వేరైన ముఖానికి ఏ తలనైనా తగిలించవచ్చునని లొంబార్ట్ గుర్రపురౌతు మనకు చెప్పనే చెప్పినాడు.

కనుక బొమ్మలు అతికించిన నోటుపుస్తకాన్ని బాలుడు తెచ్చి చూపినప్పుడు ఉపాధ్యాయుడు మెచ్చుకొనవలసినదే. కాని దాని క్రింద రెండు పంక్తులు వ్రాయించడం మరువరాదు: ఈయన ఎవరు, ఏమి చేసినాడు. షిప్‌లేక్ గురువు జీవితమంతా చేసినది ఆ పనియే.